ఉప్పుగాలి ఊళ్లో టీ: ఏ ఆకు కొనాలి, ఏ పాత్రలో పోయాలి

విశాఖలో టీ పొడి దొరకని వీధి ఉండదు. పూర్ణా మార్కెట్‌లో అడిగితే డస్ట్ (మెత్తటి టీ పొడి) కిలోల్లెక్కన తూచి ఇస్తారు. సూపర్ మార్కెట్లో గ్రీన్ టీ డబ్బాలు ఒక అరంతా ఉంటాయి. ఫోన్ తెరిస్తే డార్జిలింగ్, ఊలాంగ్, జపాన్ సెంచా, వాటి పక్కనే గాజు టీపాట్లు, ఎర్రమట్టి టీపాట్లు, ఇనుప టీపాట్లు కనిపిస్తాయి. చిక్కు వచ్చేది ఇక్కడే. చాలామంది ముందు అందమైన టీపాట్ కొంటారు, తర్వాత అందులో ఏం పోయాలా అని ఆలోచిస్తారు. సాధారణంగా ఇంట్లో వాడే సీటీసీ పొడే, అంటే గింజల్లా ఉండే మామూలు టీ పొడే పోస్తారు. టీపాట్ ముక్కులో పొడి ఇరుక్కుంటుంది, టీ చేదెక్కుతుంది, నెల తిరిగేసరికి టీపాట్ షోకేసులోకి చేరుతుంది.

ముందు ఆకు తేల్చుకోండి, పాత్ర తర్వాత. ఆకు తేలాలన్నా ముందు ఇంకో నాలుగు సంగతులు చూసుకోవాలి.

## ముందు చూసుకోవాల్సినవి

పాలు పోస్తారా, పోయరా? సగం గొడవ దీంతోనే తీరిపోతుంది. పాలలోని ప్రొటీన్ టీలోని వగరును పట్టుకుని తగ్గిస్తుంది. అందుకే ముదురుగా, వగరుగా దిగే సీటీసీకి పాలు బాగా కుదురుతాయి. పువ్వు వాసన వేసే డార్జిలింగ్‌లో పాలు పోస్తే ఆ వాసన చచ్చిపోయి పలచని పాల టీ మిగులుతుంది. ఖరీదైన ఆకు కొని పాలు పోయడం డబ్బు దండగ. చవక సీటీసీని పాలు లేకుండా తాగడం నాలుకకు శిక్ష.

ఏ నీళ్లు? కప్పులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లే. విశాఖ ఇళ్లలో మూడు రకాల నీళ్లు కనిపిస్తాయి: జీవీఎంసీ కుళాయి, అపార్ట్‌మెంట్ బోరు, ఆర్వో లేదా ఇరవై లీటర్ల క్యాన్. బోరు నీళ్లలో, ముఖ్యంగా తీరానికి దగ్గరి కాలనీల్లో, సున్నం, ఉప్పు ఎక్కువగా ఉండొచ్చు. ఆ నీళ్లతో పాలు లేని టీ పెడితే పైన నూనె పొరలాంటి తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. తెట్టు చూసి ఆకు కల్తీదనుకోవద్దు. నీటిలోని కాల్షియం, టీలోని పదార్థాలు కలిసి కట్టే పొర అది. దానికి విరుద్ధంగా ఆర్వో మరీ ఎక్కువగా వడకడితే టీ చప్పగా, ప్రాణం లేనట్టుగా ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఇంట్లో ఉంటే 50 నుంచి 150 మధ్య ఉన్న నీళ్లు మంచివి. మీటరు లేకపోతే ఫిల్టరు చేసిన కుళాయి నీళ్లు చాలు. క్లోరిన్ వాసన వస్తే రాత్రంతా మూత లేని గిన్నెలో ఉంచండి. ఒకసారి కాగి చల్లారిన నీళ్లను మళ్లీ మళ్లీ కాచకండి.

తేమ. కొండ ఊళ్లవాళ్లు రాసిన టీ సలహాలు ఇక్కడ పనిచేయనిది ఈ విషయంలోనే. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేటప్పుడు టీ ఆకులో తేమ సుమారు 3 శాతం ఉంటుంది. మన సముద్రపు గాలిలో ప్యాకెట్ నోరు తెరిచి పెడితే ఆకు ఆ తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, వాసన పోగొట్టుకుంటుంది. వేళ్ల మధ్య నలిపితే పుటుక్కున విరగాలి. వంగిందంటే పాతబడినట్టే. అందుకే ఇక్కడ అరకిలో డార్జిలింగ్ ఒకేసారి కొనడం తెలివైన పని కాదు. 50 గ్రాములో 100 గ్రాములో కొని రెండు నెలల్లో ముగించండి.

ఎంతమంది, ఎంత తీరిక? పొద్దున్నే ఆరు గ్లాసులు కావాల్సిన ఇంటికీ, సాయంత్రం బాల్కనీలో ఒంటరిగా కూర్చునే మనిషికీ ఒకే టీపాట్ సరిపోదు.

## ఆకు: దేనికి దేన్ని పోల్చాలి

గ్రీన్ టీ, బ్లాక్ టీ వేర్వేరు చెట్లవి కావు. అన్నీ ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును నలిపి గాలికి ముదరనిస్తే బ్లాక్ టీ. కోయగానే వేడి తగిలించి ఆ ముదురుడు ఆపేస్తే గ్రీన్ టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్. కదపకుండా వాడ్చి ఆరబెడితే వైట్ టీ. తులసి టీ, చేమంతి టీ అని అమ్మేవి ఈ లెక్కలోకి రావు. అవి కషాయాలు. వాటికి ఈ కొలతలు వర్తించవు, మరుగునీళ్లు పోసి పది నిమిషాలు ఊరనిచ్చినా ఏమీ కాదు.

### సీటీసీ, డస్ట్

గుండ్రటి గింజల్లా ఉండే పొడి సీటీసీ. ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టే పద్ధతి అది. 1930ల్లో అస్సాంలో మొదలైంది. చిన్న ముక్కలు కాబట్టి సారం చకచకా దిగుతుంది. డస్ట్ ఇంకా మెత్తన. టీ బడ్డీల్లో గుడ్డ సంచిలో వేసి దించేది ఎక్కువగా అదే, ఎందుకంటే తక్కువ పొడికి ఎక్కువ రంగు ఇస్తుంది. ఇంటికి డస్ట్ కంటే కాస్త పెద్ద గింజ ఉన్న సీటీసీ మేలు: వడకట్టడం తేలిక, ఒక నిమిషం ఎక్కువ మరిగినా పూర్తిగా చెడదు. అస్సాం సీటీసీలో బలం, రంగు ఎక్కువ. నీలగిరి సీటీసీలో వాసన ఎక్కువ, వగరు తక్కువ. దక్షిణాది డస్ట్ బ్లెండ్లు మన నాలుకకు అలవాటైనవే.

రెండు గ్లాసుల అల్లం టీకి కొలత: నీళ్లు 180 మి.లీ., పాలు 150 మి.లీ., పొడి రెండు చెంచాలు (సుమారు 5 గ్రాములు), దంచిన అల్లం చిన్న ముక్క. అల్లం ముందు నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. తర్వాత పొడి, ఇంకో రెండు నిమిషాలు. ఆ తర్వాతే పాలు, పొంగు వచ్చాక సన్నసెగ మీద మూడు నిమిషాలు. ఈ వరస మారితే పాలు విరుగుతాయి, మనం పాల ప్యాకెట్‌ను తిట్టుకుంటాం. పచ్చి అల్లంలో పాల ప్రొటీన్‌ను విరిచే ఎంజైమ్ ఉంది. నీళ్లలో బాగా మరిగితే అది పనిచేయడం మానేస్తుంది. బెల్లం టీ తాగేవాళ్లు పొయ్యి కట్టేశాకే, అర నిమిషం ఆగి బెల్లం తురుము కలపాలి. మరుగుతున్న పాలలో వేస్తే విరిగే ప్రమాదం ఎక్కువ.

### డార్జిలింగ్, అస్సాం, నీలగిరి ఆకు టీలు

ఆకు ఆకులా కనిపించే ఈ రకాన్ని ఆర్థొడాక్స్ అంటారు. పాలు లేకుండా తాగడం మొదలుపెట్టేవాళ్లకు అసలైన ఎంపిక ఈ మూడింటి మధ్యే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

డార్జిలింగ్‌లో మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే మొదటి కోత లేత రంగులో, పచ్చి పూల వాసనతో ఉంటుంది. దాన్ని మొదటిసారి తాగినవాళ్లు "ఇది టీయేనా" అంటారు. మే, జూన్‌ల రెండో కోత ముదురుగా, ద్రాక్షపండు వాసనతో ఉంటుంది. ఆ వాసన వెనుక ఉన్నది పత్తి రైతులకు బాగా తెలిసిన పురుగు జాతే: పచ్చదోమ. అది రసం పీల్చినప్పుడు మొక్క తనను కాపాడుకోవడానికి కొన్ని సుగంధ పదార్థాలు తయారు చేసుకుంటుంది. పత్తిలో నష్టం తెచ్చేది అక్కడ ధర పెంచుతుంది. డార్జిలింగ్ టీకి 2004లో దేశంలోనే మొదటి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ప్యాకెట్ మీద ఆకు పట్టుకున్న స్త్రీ ముఖం ఉన్న గుర్తు చూసుకోండి. "డార్జిలింగ్ బ్లెండ్" అన్నది వేరే మాట. అందులో డార్జిలింగ్ ఎంత ఉందో ప్యాకెట్ చెప్పకపోతే కొనకండి.

అస్సాం ఆర్థొడాక్స్ చిక్కగా, వేయించిన గింజల రుచితో ఉంటుంది. చుక్క పాలు పోసినా నిలబడే ఆకు టీ ఇది. పాలు ఒక్కసారిగా మానలేనివాళ్లకు మధ్య మెట్టు.

నీలగిరిని చాలామంది పట్టించుకోరు. మా లెక్కలో విశాఖవాళ్లు మొదట కొనాల్సింది అదే. కూనూరు, కోటగిరి వైపు తోటల ఆకు ఇది. వాసన ఉంటుంది, వగరు తక్కువ. నీళ్లు కాస్త ఎక్కువ వేడిగా ఉన్నా, ఒక నిమిషం మరిచిపోయినా క్షమిస్తుంది. ఇంకో గుణం మన ఎండలకు అచ్చంగా సరిపోతుంది. చాలా బ్లాక్ టీలు ఫ్రిజ్‌లో పెడితే మజ్జిగ కలిపినట్టు తెల్లగా మసకబారతాయి. చల్లబడేకొద్దీ వగరునిచ్చే టానిన్లు, కెఫీన్ ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది. నీలగిరి టీ చాలావరకు తేటగా ఉంటుంది. ఐస్ టీకి అది పేరుపొందింది అందుకే. మే నెలలో లీటరు చల్లని నీళ్లలో 10 గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు ఉంచి వడకట్టండి. పొయ్యి అంటించే పని లేదు, వగరూ ఉండదు. నిమ్మరసం, గిరిజన సహకార సంస్థ దుకాణంలో దొరికే తేనె కలుపుకుంటే బజారు బాటిళ్ల మొహం చూడరు. నిమ్మ పిండగానే రంగు లేతబడుతుంది. అది పులుపు చేసే పని, ఆకు తప్పు కాదు.

### గ్రీన్ టీ

"గ్రీన్ టీ చేదు, మందులా తాగాలి" అనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని మరుగునీళ్లలో వేసి పాడుచేసినవాళ్లే. 75 నుంచి 80 డిగ్రీల నీళ్లు, రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. థర్మామీటర్ అక్కర్లేదు. కాగిన నీళ్లను చల్లని గిన్నెలో ఒకసారి, అందులోంచి ఇంకో చల్లని గిన్నెలోకి ఒకసారి తిరగబోస్తే ప్రతిసారీ సుమారు ఎనిమిది, పది డిగ్రీలు తగ్గుతుంది. జపాన్ సెంచాను ఆవిరితో ఉడికిస్తారు, అందుకే సముద్రపు నాచు, ఉడికించిన పచ్చికూరల రుచి. దానికి 70 డిగ్రీలు, ఒక నిమిషం. చైనా గ్రీన్ టీలు ఎక్కువగా బాణలిలో వేపినవి, వేయించిన పెసల వాసన వస్తుంది. తెలుగు నాలుకకు రెండోదే త్వరగా నచ్చుతుంది.

టీ బ్యాగుల్లోని గ్రీన్ టీలో ఉండేది ఎక్కువగా నూక. ఆఫీసులో వేరే దారి లేకపోతే సరే, ఇంట్లో మాత్రం ఆకే కొనండి. ఒక అపోహ కూడా వదిలించుకోండి: గ్రీన్ టీలో కెఫీన్ ఉండదనడం నిజం కాదు. రాత్రి పది గంటలకు తాగితే నిద్ర తేలిపోవచ్చు.

### ఊలాంగ్, వైట్, పు-ఎర్

ఊలాంగ్ ఓపిక ఉన్నవాళ్లది. ఉండలుగా చుట్టిన ఆకు మొదటి తడవ సగమే విచ్చుకుంటుంది, రెండు, మూడు తడవల్లో అసలు రుచి. 90 డిగ్రీల పైనే నీళ్లు. ఒకే ఆకుతో నాలుగైదు సార్లు వస్తుంది కాబట్టి ధర చూసి భయపడకండి. వంద గ్రాములు 800 రూపాయలైతే, 4 గ్రాముల ఆకు 32 రూపాయలు. నాలుగు సార్లు పోస్తే కప్పు 8 రూపాయలు.

వైట్ టీ సున్నితం, పలచన, ఖరీదు. మొదటి కొనుగోలు మాత్రం కాకూడదు. పు-ఎర్ అంటే గడ్డగా ఒత్తిన చైనా టీ, దాన్ని ఏళ్ల తరబడి దాచి ముదరబెట్టడం ఒక సరదా. కానీ గాలి, తేమ లెక్కగా ఉంచలేని సముద్రతీరపు ఇంట్లో దానికి బూజు పడుతుంది. తాగడానికి కొద్దిగా కొనండి, దాచడానికి కొనకండి.

| రకం | 200 మి.లీ.కి ఆకు | నీటి వేడి | సమయం | పాలు | ఎన్ని తడవలు |
|---|---|---|---|---|---|
| సీటీసీ | 2.5 – 3 గ్రా. | మరిగించడం | 4 – 5 నిమి. | అవును | 1 |
| అస్సాం ఆకు | 2.5 గ్రా. | 95 – 100 | 3 – 4 నిమి. | కొద్దిగా | 1 – 2 |
| నీలగిరి ఆకు | 2.5 గ్రా. | 90 – 95 | 3 నిమి. | వద్దు | 2 |
| డార్జిలింగ్ తొలికోత | 2.5 గ్రా. | 85 – 90 | 2.5 – 3 నిమి. | వద్దు | 2 |
| గ్రీన్ | 2 – 2.5 గ్రా. | 75 – 80 | 2 నిమి. | వద్దు | 2 |
| ఊలాంగ్ | 4 గ్రా. | 90 – 95 | 1 – 2 నిమి., తడవకు కొంచెం పెంచుతూ | వద్దు | 4 – 5 |
| వైట్ | 3 గ్రా. | 80 – 85 | 4 నిమి. | వద్దు | 2 – 3 |

చెంచా కొలతను నమ్మకండి. చెంచా సీటీసీ రెండున్నర గ్రాములు తూగితే, చెంచా వైట్ టీ ఒక గ్రాము కూడా రాదు. గ్రాములు చూపే చిన్న కాటా ఉంటే మంచిది. ఇంకో మాట, అరకు వెళ్లినప్పుడు ఇదే ఆకు కాస్త తేలిగ్గా దిగినట్టు అనిపిస్తే ఆశ్చర్యపోకండి. సుమారు 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. అర నిమిషం అదనంగా ఊరనివ్వండి.

## పాత్ర: అందం సంగతి తర్వాత

పాల టీ ఇల్లయితే ఈ భాగం చదవక్కర్లేదు. మందం అడుగున్న స్టీలు గిన్నె, సన్న రంధ్రాల వడపోత చాలు. టీపాట్‌లో పాల టీ కాయకూడదు, నిల్వ ఉంచకూడదు. ముక్కు లోపల మీగడ కట్టి వాసన పడుతుంది. అతిథులకు వడ్డించడానికి పింగాణీ టీపాట్ వాడితే, వాళ్లు వెళ్లగానే కడగాలి.

పాలు లేని టీకి మాత్రం పాత్ర నిజంగా తేడా తెస్తుంది. ఏ రకమైనా దుకాణంలో చూడాల్సినవి ముందు:

మన కొమ్ముచెంబు సూత్రమే ఇక్కడా. కొమ్ము కొస పాత్ర అంచు కంటే కిందికి ఉంటే, నిండా పోసినప్పుడు మూత కింద నుంచి కాక కొమ్ము నుంచే కారిపోతుంది. నీళ్లు పోసి చూపించమని అడగండి. వంచి ఆపినప్పుడు చివరి బొట్టు కొమ్ము కిందుగా జారి బల్ల మీద పడుతోందా చూడండి. కొస పదునుగా ఉంటే బొట్టు తెగుతుంది, మొద్దుగా గుండ్రంగా ఉంటే జారుతుంది. మూత మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూసి వంచండి. ధార ఆగిపోతే మూత బాగా అతికినట్టు. రంధ్రమే లేకపోతే టీ గుటక గుటకగా పడుతుంది. పూర్తిగా వంచినా మూత జారకూడదు. నీళ్లతో నింపి ఒక్క చేత్తో ఎత్తండి. మణికట్టు వంగిపోతే రోజూ వాడలేరు.

లోపలి జల్లెడ బుట్ట లోతుగా, వెడల్పుగా ఉండాలి. ఎండు ఆకు నీళ్లు తగలగానే కొన్ని రెట్లు ఉబ్బుతుంది. గుడ్డులాంటి చిన్న గొలుసు జల్లెడలో అది ఊపిరాడక సగం సారమే ఇస్తుంది. బుట్ట పొట్టిగా ఉంటే సగం నింపినప్పుడు నీళ్లు ఆకును తాకవు.

సైజు: ఒక్కరికి 250 నుంచి 300 మి.లీ., ఇద్దరికి 450, నలుగురికి 800. పెద్దది కొంటే మంచిదన్న లెక్క ఇక్కడ తప్పు. లీటరు టీపాట్‌లో ఒక కప్పు టీ పెడితే త్వరగా చల్లారుతుంది. మిగిలినది ఆకుతోపాటే ఊరి చేదెక్కుతుంది.

పింగాణీ. ఏ వాసనా పట్టదు, ఏ ఆకైనా పోయొచ్చు. ఒకటే కొనాలంటే ఇదే. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పింగాణీ వస్తువులు ప్రదర్శనల్లో విరివిగా వస్తాయి. గట్టివి, ధర అందుబాటు. బోన్ చైనా పలచగా, తెల్లగా మెరుస్తుంది. అందులో ఎముకల బూడిద కలుపుతారన్న సంగతి శాకాహారం పట్టింపున్న ఇళ్లకు బహుమతి ఇచ్చేముందు గుర్తుంచుకోండి. గోటితో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో వెంట్రుకంత సన్నని బీట ఉంది.

గాజు. ఆకు విచ్చుకోవడం చూడొచ్చు, ఎప్పుడు వడకట్టాలో రంగే చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు లేదు. బోరోసిలికేట్ అని రాసి ఉండాలి. మామూలు గాజు మరుగునీళ్లకు పగులుతుంది. బోరోసిలికేట్ అయినా ఏసీ గదిలో చల్లబడిన పాత్రలో నేరుగా మరుగునీళ్లు పోయకుండా ముందు గోరువెచ్చని నీళ్లతో తొలవండి. గాజు త్వరగా చల్లారుతుందని చలి దేశాలవాళ్లు తీసిపారేస్తారు. మన వంటింట్లో ఏప్రిల్‌లో ఆ ఫిర్యాదుకు అర్థం లేదు. ఫ్యాను కింద పెట్టకపోతే చాలు.

యీషింగ్ మట్టి. చైనాలోని చియాంగ్సు రాష్ట్రంలో దొరికే ప్రత్యేకమైన మట్టితో, పైపూత లేకుండా చేస్తారు. సన్న రంధ్రాలున్న మట్టి టీ వాసనను కొంచెం కొంచెంగా పట్టుకుంటుంది. అందుకే ఒక టీపాట్‌కు ఒకే రకం ఆకు. ఊలాంగ్‌కు వాడిన దాంట్లో గ్రీన్ టీ పోయకూడదు. సబ్బు అసలు తగలకూడదు. ఊలాంగ్ రోజూ తాగేవాళ్లకే ఇది. అప్పుడప్పుడు తాగేవాళ్ల దగ్గర వర్షాకాలంలో బూజు వాసన పడుతుంది. ఈ పేరుతో చవగ్గా అమ్మేవాటిలో రంగు కలిపి అచ్చులో పోసినవి ఎక్కువ. మరుగునీళ్లు పోసి మూత తీసి వాసన చూడండి. మైనం, రంగు, రసాయనం వాసన వస్తే వెనక్కి ఇచ్చేయండి. తడి మట్టి వాసన మామూలే. కొత్తదాన్ని అడుగున గుడ్డ పరిచిన గిన్నెలో, నీళ్లలో మునిగేలా పెట్టి, గుప్పెడు టీ ఆకు వేసి సన్నసెగ మీద అరగంట కాచి, అందులోనే చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లలో పెడితే పగులుతుంది.

ఆ మట్టి మనసుకు నచ్చినా పట్టింపులు వద్దనుకుంటే గైవాన్ ఉంది: సాసర్, మూత ఉన్న పింగాణీ కప్పు, 100 నుంచి 120 మి.లీ. మూతను కాస్త పక్కకు జరిపి అదే జల్లెడగా వాడతారు. నాలుగు రోజులు వేళ్లు కాలతాయి, తర్వాత అలవాటవుతుంది. ఊలాంగ్ రుచి చూడటానికి తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి పాత్ర లేదు.

పోత ఇనుము. ఫొటోల్లో రాజసం, వాడకంలో బరువు. ఒక్కోటి కిలో పైనే. దీని గొప్పతనమంతా వేడి నిలపడంలో ఉంది, మన ఊళ్లో అది పెద్దగా అవసరం లేని గుణం. లోపల ఎనామిల్ పూత ఉన్నది టీ ఊరబెట్టడానికే, పొయ్యి మీద పెడితే పూత పగులుతుంది. పూత లేనిది నీళ్లు కాచడానికి, అందులో టీ ఆకు వేయరు. ఈ తేడా తెలియక కొనేవాళ్లే ఎక్కువ. పైగా ఉప్పుగాలికి అంచుల దగ్గర, మూత లోపల తుప్పు మొదలవుతుంది. బీచ్‌కు ఎదురుగా ఉన్న ఫ్లాట్‌కు ఇది సిఫారసు చేయం.

మణిపూర్ లోంగ్పీ నల్లమట్టి. రాతిపొడి, మట్టి కలిపి చక్రం లేకుండా చేత్తో చేస్తారు. సన్నసెగ మీద పెట్టొచ్చు. చూడటానికి ఇనుములా ఉంటుంది, తుప్పు బాధ లేదు. ఇనుప టీపాట్ మీద మనసు పోయినవాళ్లు ముందు దీన్ని చూడండి.

ఇత్తడి, వెండి. శ్రీకాకుళం బుడితి ఇత్తడి పనితనం మనకు దగ్గరిదే. ఇత్తడి కెటిల్ లోపల కళాయి ఉండి తీరాలి. టీలో స్వతహాగా కొంచెం ఆమ్లం ఉంటుంది. కళాయి లేని ఇత్తడిలో అది రాగిని కరిగించి చిలుము రుచి తెస్తుంది. నిమ్మ టీ అయితే ఇంకా చెడ్డది. కళాయి పూసేవాళ్లు మీ దగ్గరలో లేకపోతే అలంకారానికే కొనండి. వెండి టీపాట్ పిడి కాలుతుంది. మంచి పాతవాటిలో పిడి రెండు చివర్లా వేడి పాకకుండా వేరే పదార్థపు బిళ్లలు అమర్చి ఉంటాయి, అవి లేనిది వద్దు.

ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే చిట్టి టీ సెట్‌ను చూసి ఆగనివాళ్లు ఉండరు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బహుమతికి దాన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. కానీ అది బొమ్మ. లక్క వేడికి మెత్తబడుతుంది. అందులో వేడి టీ పోయకండి.

## ఎవరికి ఏది

నలుగురైదుగురున్న పాల టీ ఇల్లు: అస్సాం, నీలగిరి సీటీసీలు చెరి సగం కలిపి వాడి చూడండి. ఒకదాని బలం, ఇంకోదాని వాసన వస్తాయి. స్టీలు గిన్నె. టీపాట్ డబ్బులు మంచి అల్లానికీ పాలకూ పెట్టండి.

షుగర్ ఉండి పాలు, పంచదార తగ్గించాలనుకునే పెద్దవాళ్లకు మొదటి రోజే గ్రీన్ టీ ఇవ్వకండి, వారంలో మానేస్తారు. నీలగిరి ఆకు, రెండున్నర నిమిషాలు, ఒక యాలక్కాయ. గాజు టీపాట్ బదులు తేలికైన చిన్న పింగాణీది, పిడిలో మూడు వేళ్లు దూరేది ఇవ్వండి. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట వ్యవధి ఉంచాలి. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

స్టీల్ ప్లాంట్, పోర్టు, ఫార్మా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఫ్లాస్కే టీపాట్. దాంట్లో ఆకు వేసి తీసుకెళ్తే రెండు గంటల్లో విషంలా చేదెక్కుతుంది. ఇంట్లోనే వడకట్టి, పాలు లేకుండా పోసుకోండి. పాల టీని ఎండాకాలం నాలుగు గంటలు మించి ఫ్లాస్కులో ఉంచకండి.

రుషికొండ వైపు ఆఫీసులో ఒంటరిగా తాగేవాళ్లకు బుట్ట ఉన్న 300 మి.లీ. గాజు మగ్గు, చిన్న డబ్బాలో నీలగిరి లేదా ఊలాంగ్. ఊలాంగ్ అయితే పొద్దున వేసిన ఆకు మధ్యాహ్నం దాకా వస్తుంది. నిన్నటి తడి ఆకు మాత్రం ఈ రోజు వాడొద్దు. మన తేమలో రాత్రికి రాత్రే పాడవుతుంది.

## దాచుకోవడం, కడగడం

ఆకు డబ్బా గాలి చొరనిది, వెలుతురు చొరనిది కావాలి. గాజు సీసా అందంగా ఉంటుంది, ఆకును వెలుతురుకు చంపుతుంది. పొయ్యి పక్క అరలో పెట్టొద్దు. మసాలాలు, ఇంగువ, ఎండు చేపల పక్కన అసలే వద్దు. టీ ఆకు వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. గ్రీన్ టీని ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. చల్లని ఆకు మీద మన గాలిలోని తేమ క్షణాల్లో నీళ్లుగా పడుతుంది.

పింగాణీ, గాజులకు పట్టిన గోధుమ మరకకు చెంచా వంటసోడా, వేడినీళ్లు పోసి అరగంట ఉంచితే చాలు. ముక్కు లోపలికి సీసాలు కడిగే సన్న బ్రష్. సున్నం పొర పడితే వంటసోడా పనిచేయదు, నిమ్మ ఉప్పు ఒక చెంచా వేడినీళ్లలో కలిపి పోయండి. బంగారు గీత ఉన్న పాత్రలను పీచుతో తోమకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. ఇత్తడి బయటి వైపు చింతపండుతో మెరుస్తుంది. లోపలి కళాయికి చింతపండు, ఇసుక, స్టీలు పీచు ఏవీ వద్దు.

ఏ రకమైనా కడిగాక మూత వేసి బీరువాలో పెట్టొద్దు. మూత పక్కన పెట్టి, బోర్లించకుండా, నోరు పైకి ఉంచి ఒక పూట ఆరనివ్వండి. బోర్లిస్తే లోపలి ఆవిరి బయటికి పోదు.

అమ్మమ్మల కాలం నాటి టీపాట్ చేతికొస్తే వాడేముందు లోపలి పూతను వెలుతురులో చూడండి. సాలెగూడులా సన్న బీటలు కనిపించి, అవి గోధుమ రంగుకు తిరిగి ఉంటే టీ వాటిలోకి ఇంకుతోందని అర్థం. పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి అలాంటిది షోకేసుకే. ముక్కు విరిగితే ఫెవిక్విక్ లాంటి జిగురుతో అతికించి టీ పోయకూడదు. మూత మాత్రమే పగిలి పాత్ర బాగుంటే పారేయకండి. అదే వెడల్పు చిన్న సాసర్ బోర్లించి మూతగా వాడుకోవచ్చు. వంచేటప్పుడు రెండో చేత్తో పట్టుకోవాలి, అంతే.